సీటు మీద వదిలిన సంచీ

ఢిల్లీ వెళ్ళి వచ్చానని తెలిసి, కాలేజీలో నాతో పనిచేసినవాళ్ళు ఏమేం చూశారని అడిగారు. ఎర్రకోట, రాజ్‌ఘాట్, ఇండియా గేట్ నేను ఎక్కిన బస్సు పక్కనుంచే పోయి ఉంటాయి. చూసినట్టు గుర్తు లేదు. హుమాయూన్ సమాధి దగ్గర చాలాసేపు ఉన్నాను కానీ సమాధి వైపు తిరగలేదు.

మెట్రో కోసం నగరమంతా తవ్వుతున్న రోజులు. ఒక ప్రైవేటు సంస్థ యాత్రికుల కోసం కొత్తగా బస్సులు వేసింది. ఒకే టికెట్టు మీద రోజంతా తిరగవచ్చు. నచ్చినచోట దిగి, చూసి, మళ్ళీ ఎక్కవచ్చు. ఇప్పుడు ఆ బస్సులు నడుస్తున్నాయో లేదో తెలియదు. అలాంటి బస్సు ఎప్పుడైనా ఎక్కితే, దిగేటప్పుడు మీ సంచీ మీరు తీసుకుని దిగండి. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. చెప్పాలని ఎవరికీ తోచి ఉండదు.

రైలు

మా అక్క సుభద్ర విశాఖపట్నం హార్బరులో గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. పెళ్ళి చేసుకోలేదు. నన్ను చదివించింది ఆమే. మాఘమాసంలో పోయింది. మా ఊళ్ళో అస్థికలు సముద్రంలో కలిపేవాళ్ళే ఎక్కువ. అక్క ముందే వద్దంది.

"సముద్రంలో కలిపీకురా. ముప్పయ్యేళ్ళు చూసేను, అందులో ఏమేటి పారబోస్తారో. హరిద్వార్‌లో నీళ్ళు తేటగా ఉంటాయట."

ఆమె హరిద్వార్ ఎప్పుడూ చూడలేదు. నేనూ చూడలేదు.

పన్నెండో రోజు అయ్యాక బయలుదేరాను. చిన్న మట్టికుండ, మూతికి పసుపు గుడ్డ కట్టి ఉంది. దాన్ని గుడ్డసంచీలో పెట్టుకున్నాను. గడప దాటుతుంటే మా పెద్దమ్మ మళ్ళీ చెప్పింది. "దార్లో ఎక్కడా కింద పెట్టకు. నేలకి తగిలీసిందంటే అక్కడే ఉండిపోద్ది. మరి కదల్దు."

నేను ఇలాంటివి నమ్మను. కానీ రైలు కదిలిన దగ్గర్నుంచి ఆ మాట తప్ప వేరే ఆలోచన లేదు. సంచీని బెర్తు పక్క కొక్కేనికి తగిలించాను. కొక్కెం వదులుగా అనిపించి ఒళ్ళో పెట్టుకున్నాను. నిద్రలో జారుతుందని మళ్ళీ కొక్కేనికి తగిలించి, సంచీ పిడి నా మణికట్టుకు చుట్టుకున్నాను. చదువుకోవడానికి తెచ్చుకున్న పుస్తకం మొదటి పేజీ దాటలేదు.

ఎదుటి బెర్తులో అనకాపల్లి బెల్లం వ్యాపారి ఒకాయన నాగపూరు దాకా ఓపిక పట్టి, చివరికి అడిగేశాడు.

"ఏటి మాస్టారూ, మాడుగుల హల్వానా? అంత భద్రంగా పట్టుకున్నారు?"

అవునన్నాను. అంతకన్నా సులువైన జవాబు తోచలేదు.

"అయితే ఒక ముక్క రుచి చూపించకుండానే ఢిల్లీ దిగిపోతారన్నమాట!"

"ఒకరికి ఇవ్వాల్సింది" అన్నాను. ఆయన నవ్వి, తన డబ్బాలోంచి జంతికలు తీసి నాకు పెట్టాడు. అవి తింటూ ఆగ్రా దాకా సిగ్గుపడ్డాను.

అశోకా రోడ్డు

స్టేషనుకు మా బావమరిది శ్రీధర్ వచ్చాడు. గుర్‌గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నా చేతిలోని సంచీ చూసి, దాన్ని అందుకోబోయిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఇంటికి తీసుకెళ్ళాలనే ఉంది బావగారూ. లతకి ఏడో నెల. వాళ్ళమ్మగారు కూడా వచ్చి ఉన్నారు..."

"నేను రాను కూడా శ్రీధర్. అస్థికలు ఇంట్లోకి తేకూడదని నాకు తెలియదా?"

మా ఊళ్ళో అయితే ఇంటి బయట చెట్టుకొమ్మకు కట్టి లోపలికి వెళతాం. శ్రీధర్ ఉండేది ఆరో అంతస్తు. బాల్కనీలో కట్టొచ్చేమో అని అతను దారిలో అన్నాడు. మళ్ళీ తనే, పక్కవాళ్ళ బాల్కనీ ఆనుకుని ఉంటుందనీ, వాళ్ళు రోజూ అక్కడే టీ తాగుతారనీ చెప్పాడు.

అశోకా రోడ్డు పక్కన ఒక గెస్ట్ హౌస్‌లో గది చూశాడు. సంచీలో ఏముందో అక్కడ చెప్పలేదు. మధ్యాహ్నం అక్కడికి దగ్గర్లోనే మన భోజనం దొరికింది. పప్పు, గోంగూర, వేపుడు, మజ్జిగ, అడిగినంత వడ్డిస్తారు. డెబ్భై రూపాయలు. లక్ష్మీ నగర్ నుంచీ కటవారియా సరాయ్ నుంచీ వచ్చిన కుర్రాళ్ళు, పోటీ పరీక్షలకు చదువుతున్నవాళ్ళు, ఆవకాయ రెండోసారి వేయించుకుంటూ నవ్వుకుంటున్నారు. వడ్డించే మనిషి నా కుర్చీకి తగిలించిన సంచీ చూసి, "కింద పెట్టండి సార్, ఎవరూ తీయరు" అన్నాడు. ఫరవాలేదన్నాను. అన్నం సగంలో వదిలేశాను.

హరిద్వార్ రైలు మర్నాడు సాయంత్రం. గది పొద్దున్నే ఖాళీ చేయాలి. స్టేషనులో సామాను దాచే గదికి వెళ్ళి చూశాను. అక్కడ పెట్టెలన్నీ నేలమీదే. ఏం చేయాలో తోచక ఫోన్ చేస్తే శ్రీధర్ ఒక దారి చెప్పాడు.

"టూరిస్ట్ బస్సెక్కండి బావగారూ. టికెట్ నేను తీసుకుంటాను. ఏసీ. రోజంతా సీట్లో కూర్చోవచ్చు. నచ్చినచోట దిగండి, నచ్చినచోట ఎక్కండి."

కుతుబ్ మీనార్

బస్సు శుభ్రంగా ఉంది. కిటికీ పక్క సీటు దొరికింది. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాను. రైలెక్కాక మొదటిసారి వీపు వెనక్కి వాల్చాను.

కుతుబ్ దగ్గర అందరూ దిగారు. నేను సంచీతో దిగుతూ సీటు మీద కర్చీఫ్ వేశాను. మన ఆర్టీసీ బస్సుల్లో తిరిగినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. కిటికీలోంచి కర్చీఫ్ విసిరినా చాలు, ఆ సీటు మనదే. గొడవలు జరుగుతాయి కానీ కర్చీఫ్‌దే గెలుపు.

మీనార్ చాలా ఎత్తుగా ఉంది. చుట్టూ పడిపోయిన గోడలు. సంచీని గుండెకు ఆనించుకుని నడుస్తుంటే ఒక కాపలాదారు రెండుసార్లు నా వైపు చూశాడు. ఆ ఏళ్ళలో ఢిల్లీలో సంచీ ఉన్న ప్రతి మనిషినీ అలాగే చూసేవారు. స్టేషనులో, బజారులో మైకులు ఒకటే చెప్పేవి: లావారిస్ వస్తువు కనిపిస్తే ముట్టుకోవద్దు, పోలీసులకు చెప్పండి. లావారిస్ అంటే దిక్కూ మొక్కూ లేనిదని అర్థం.

తిరిగి వచ్చేసరికి బస్సు అక్కడే ఉంది. డ్రైవరూ కండక్టరూ బండి దగ్గర చోలే కుల్చే తింటున్నారు. సీటు మీద కర్చీఫ్ కదల్లేదు. మన తీర్థయాత్రల బస్సులాగే ఇదీ మనకోసం ఆగుతుందని అనుకున్నాను. వాళ్ళు భోజనానికి ఆగారు కాబట్టి బస్సు ఆగిందని నాకు తెలియదు.

కమలం మందిరం

తరువాతి మజిలీ ఆ తెల్లని మందిరం. ఏ మతం వారైనా లోపల మౌనంగా కూర్చోవచ్చట. కాసేపు కూర్చోవాలనిపించింది. కానీ అస్థికలు పూజాస్థలంలోకి తీసుకుపోకూడదు. పైగా గేటు దగ్గర సంచీలు తెరిపించి చూస్తున్నారు.

సంచీని సీటులో నిలబెట్టి, ఒరిగిపోకుండా కిటికీ వైపు ఆనించి, పైన కర్చీఫ్ కప్పాను. సీటు నేల కాదు కదా.

లోపల ఎవరూ మాట్లాడటం లేదు. చిన్నపిల్లలు కూడా గుసగుసలాడుతున్నారు. చేతులు ఖాళీగా ఉన్నాయి. అక్క పోయాక అంత నిశ్చింతగా కూర్చోవడం అదే మొదటిసారి. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

బయటికి వచ్చేసరికి బస్సు నిలబడి ఉంది. అదే రంగు, అవే బొమ్మలు. ఎక్కి నా సీటు దగ్గరికి వెళ్ళాను. అందులో ఒక ముసలావిడ కూర్చుని నారింజ తొనలు ఒలుచుకుంటోంది. సంచీ లేదు. కర్చీఫ్ లేదు.

"ఇది నా సీటు" అన్నాను. గొంతు పెద్దదైంది. వచ్చిన కాస్త హిందీ నోటికి రాక తెలుగులోనే అన్నాను. "కర్చీఫ్ వేశాను. నా సంచీ ఏది? ఇక్కడ పెట్టిన సంచీ ఏది?"

"అయ్యో, తెలుగాయనే!" అంది ముసలావిడ. "మాకేం తెలుసు బాబూ, మేం ఎక్కేసరికి సీటు ఖాళీగా ఉంది. సునీతా, చూడవే, ఈయన కంగారు పడతన్నాడు."

పక్కనున్న అమ్మాయి లేచింది. ముప్పై ఏళ్ళుంటాయి. మెడలో సన్నని గొలుసు, చిన్న సిలువ. "ఏ బస్సులో వచ్చారంకుల్?"

"ఇదే బస్సు!"

"ఇది కాదంకుల్. మీరొచ్చింది ముందు బస్సు, అది వెళ్ళిపోయి ఉంటుంది. ఇవి ఆగవు. మనం దిగిపోతే వెనకొచ్చేది ఎక్కాలి. ఆ బస్సు కోసం చూస్తే సాయంత్రమే."

నేను సీటు అంచు పట్టుకున్నాను. పక్కన కూర్చున్న అబ్బాయి లేచి నాకు చోటిచ్చాడు. కూర్చోలేదు.

"అంకుల్, సంచీలో డబ్బులున్నాయా? మందులా?"

"మా అక్క" అన్నాను.

ఆశ్రమ్ కూడలి

సునీత ఢిల్లీలో ఒక ఆసుపత్రిలో నర్సు. భీమవరం దగ్గర ఊరు. సెలవు పెట్టి తల్లికి ఊరు చూపిస్తోంది. తల్లి పేరు మరియమ్మ. ఇవన్నీ నాకు తరువాత తెలిశాయి. అప్పుడు తెలిసిందల్లా ఆ అమ్మాయి నా టికెట్టు లాక్కుని, దాని వెనకున్న నంబరుకు ఫోన్ చేసిందని.

హిందీలో మాట్లాడుతోంది. మధ్యలో ఆగింది. మళ్ళీ మాట్లాడి, ఫోన్ పెట్టేసి నా వైపు చూడకుండా చెప్పింది.

"దొరికిందంకుల్. హుమాయూన్ టూంబ్ దగ్గర. కానీ..."

"కానీ ఏమిటమ్మా?"

"ఎవరిదో తెలియని సంచీ ఉందని ఎవరో అరిచారట. లోపల కుండ, పైన గుడ్డ కట్టి ఉందని. బస్సు ఖాళీ చేయించారు. పోలీసులొచ్చారు. సంచీని కిందికి దింపి..."

"కింద పెట్టారా?"

"రోడ్డు పక్కన పెట్టారట. కుక్కని తెస్తున్నారట వాసన చూడ్డానికి."

అక్కడినుంచి హుమాయూన్ సమాధి దూరం కాదన్నారు. కానీ ఆశ్రమ్ కూడలిలో బస్సు ఆగిపోయింది. ముందు లారీలు, పక్కన తవ్విన గొయ్యి, దానిచుట్టూ రేకులు. కండక్టరు చేతులు చాచి, "జామ్ హై అంకుల్, క్యా కరేఁ" అన్నాడు. దిగి నడుస్తానన్నాను. దారి తెలియదు కదా అని సునీత నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

పేలుస్తారేమో అన్న భయం కూడా ఉంది. అలా చేస్తారని ఎక్కడో చదివాను. కానీ దానికంటే ముందు పెద్దమ్మ మాటే వినిపిస్తోంది. నేలకు తగిలింది. అక్కడే ఉండిపోతుంది. అక్కకు హిందీ రాదు. ఈ ఊళ్ళో ఎవరూ తెలియదు. ఆ రోడ్డు పేరు కూడా నాకు తెలియదు. నమ్మనివాడు ఇలా ఆలోచించకూడదని తెలుసు. ఆలోచన ఆగలేదు.

"ఎన్నేళ్ళు బాబూ మీ అక్కకి?" అని మరియమ్మ అడిగింది. నేను కిటికీలోంచి ఆ లారీలనే చూస్తున్నాను. ఆమె ఒలిచిన నారింజ తొనలు నా చేతిలో పెట్టింది. వాటిని గుప్పిట్లో పట్టుకునే ఉన్నాను. దిగేటప్పుడు చూస్తే చెయ్యంతా రసం.

హుమాయూన్ సమాధి

బస్సులు ఆగే చోట తాడు కట్టారు. తాడుకు ఇవతల జనం. అవతల, చాలా ఖాళీ చోటు వదిలి, ఒక వేపచెట్టు దాటాక, మట్టిలో నా సంచీ. కాస్త ఒరిగి ఉంది. ఎవరూ దాని దగ్గర లేరు. అంతమంది భయపడి చూస్తుంటే అది చాలా చిన్నదిగా కనిపించింది.

నేను తాడు కిందనుంచి దూరాను.

"ఏయ్! పీఛే! పీఛే హటో!" అని ఒక పోలీసు అరుస్తూ వచ్చి నా భుజం పట్టుకున్నాడు. నాకు వచ్చిన హిందీ అంతా పోయింది. "మేరా, మేరా" అంటున్నాను. వెనకనుంచి సునీత అరిచింది.

"సర్! ఉస్ మే ఇన్ కీ దీదీ హై!"

అందులో వాళ్ళ అక్క ఉంది. జనంలో ఎవరో నవ్వారు. తరువాత అర్థమై నవ్వు ఆపేశారు. సునీత తాడు దగ్గరికి వచ్చి అస్థి, హరిద్వార్ అని చెప్పింది. ఆ మాటలకు అనువాదం అక్కర్లేకపోయింది. అయినా వాళ్ళలో పెద్దాయన, నెరిసిన మీసాల అధికారి, ఒప్పుకోలేదు. నన్నే వెళ్ళి తెరవమన్నాడు. తను నాలుగడుగులు వెనక నిలబడ్డాడు.

నేను మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాను. నదిదాకా విప్పకూడదని పురోహితుడు గట్టిగా వేసిన ముడులు. నారింజ రసంతో వేళ్ళు జారుతున్నాయి. గోళ్ళతో విప్పాను. బూడిద, తెల్లని ముక్కలు. అధికారి వంగి చూసి, తల ఊపాడు. జనం వైపు తిరిగి చెయ్యి ఊపితే వాళ్ళు కదలడం మొదలుపెట్టారు.

గుడ్డ మళ్ళీ బిగించి కట్టి లేచాక నాకు చీవాట్లు పడ్డాయి. సునీత నెమ్మదిగా తెలుగులో చెప్పింది. "చదువుకున్నవాడిలా ఉన్నావు, సొంత అక్కని ఎవరైనా సీట్లో వదిలేసి పోతారా అంటున్నారంకుల్."

"మా ఊళ్ళో కర్చీఫ్ వేస్తే ఆ సీటు జోలికి ఎవరూ రారని చెప్పమ్మా."

ఆమె చెప్పింది. ఆయన కాసేపు నన్ను చూసి ఏదో అన్నాడు.

"ఢిల్లీలో మనిషి కూర్చున్నా లేపేసి కూర్చుంటారట" అంది సునీత.

ఆయన నవ్వలేదు. కర్చీఫ్ మాత్రం వెతికించి తెప్పించి ఇచ్చాడు.

మళ్ళీ బస్సు

వచ్చిన బస్సు ఎక్కాం. విషయం కండక్టరు నుంచి అందరికీ పాకింది. ఇంతకు ముందు బాంబు అని భయపడ్డవాళ్ళు ఇప్పుడు అస్థికలని జరిగి కూర్చున్నారు. ఒకావిడ తన కూతుర్ని వెనక సీటుకు పంపింది. తప్పు పట్టలేను. మా ఇంట్లోవాళ్ళూ అంతే చేస్తారు, నేనూ అంతే చేసేవాణ్ణి. నిలబడే ఉన్నాను.

"ఇట్టా కూర్చో బాబూ" అని మరియమ్మ తన పక్క చోటు చూపింది. కూర్చున్నాక చేతులు చాచింది. "ఇటియ్యి. నీ చేతులకింకా రసం జిగురుంది. పడేస్తావు."

సంచీ అడుగున మట్టి అంటుకుని ఉంది. అది ఆమె చీరకు అవుతుందన్నాను. ఇంకో మాట కూడా అనేశాను. ఎవరితోనూ అనలేనిది ముక్కూ మొహం తెలియని మనిషితో అనడం సులువు.

"నేలకు తగిలిందండీ. తగలకూడదు. తగిలితే అక్కడే ఉండిపోతారని మా పెద్దమ్మ..."

ఆమె సంచీని ఒళ్ళోకి తీసుకుని, పసిపిల్లని సర్దుకున్నట్టు కాదు, బజారు సంచీని పట్టుకున్నట్టే మామూలుగా పట్టుకుంది.

"మా ఆయన్ని మేం నేల్లోనే పెట్టాం బాబూ. పదకొండేళ్ళయింది, మా చర్చి వెనకాల. మా అత్తగారు ఆ పక్కనే. నేల తగిలితే మనిషి చెడిపోద్దంటే మా వాళ్ళందరూ ఏమైపోయినట్టు?"

"అమ్మా!" అంది సునీత. "వాళ్ళ పద్ధతులు వేరు. నువ్వూరుకో."

"పద్ధతి తప్పని నేనన్నానా? జాగర్తగా తెచ్చాడు, మంచిదే. జారింది. ఇప్పుడేం చేస్తాడు? తీసుకెళ్ళడం మానేస్తాడా?" నా వైపు తిరిగింది. "మట్టే కదా బాబూ. మాకు ఇల్లే అది. ఆవిడ పేరేంటి?"

"సుభద్ర."

"ఏం చేసేది సుభద్రమ్మ?"

చెప్పడం మొదలుపెట్టాను. హార్బరు ఆఫీసులో ఆడవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది ఉన్న రోజుల్లో చేరడం, నాకు డిగ్రీ ఫీజు కట్టడం, పోయే ముందు వారం కూడా చేపల పులుసులో ఉప్పు తక్కువైందని నా భార్యతో పేచీ పెట్టడం. చేపల పులుసు దగ్గర మరియమ్మ ఆపింది. "పండుగప్పా, వంజరమా?" అని అడిగింది. వంజరం అన్నాను. "అయితే ఉప్పు పట్టదు, ఆవిడన్నది నిజమే" అంది. పన్నెండు రోజులూ వచ్చినవాళ్ళందరూ ఎలా పోయిందని అడిగారు కానీ, ఆమె గురించి ఇలా ఎవరూ అడగలేదు. ఇండియా గేటు, రాజ్‌ఘాట్, ఎర్రకోట ఆ మాటల్లోనే గడిచిపోయి ఉంటాయి.

స్టేషనుకు దగ్గరలో దిగేటప్పుడు ఆమె సంచీ నాకందించింది. చీర కుచ్చిళ్ళ మీద మట్టి గుండ్రంగా అంటుకుని ఉంది. దులుపుకోలేదు. సునీత కిటికీలోంచి అరిచింది. "అంకుల్, ఈసారి సీటాపుకోవద్దు!"

హరిద్వార్

మర్నాడు పొద్దున ఘాటుకు వెళ్ళాను. అక్క విన్నది నిజమే, నీళ్ళు తేటగా ఉన్నాయి. చాలా చల్లగా, వేగంగా పోతున్నాయి. అడుగున గులకరాళ్ళు కనిపిస్తున్నాయి. ఘాటు మీద టీ అయిదు రూపాయలు. కర్మ చేయించే పురోహితుడు తమిళం, తెలుగు, బెంగాలీ ముక్కలు కలిపి మాట్లాడాడు. నీళ్ళలోకి దిగాలి, బూట్లు విప్పమన్నాడు.

ఒక్క చేత్తో లేసులు విప్పడం కుదరలేదు. ముడి బిగుసుకుపోయింది. వెనక మనుషులు వేచి ఉన్నారు. పురోహితుడు చూసి, "ఇలా ఇవ్వండి, నేను పట్టుకుంటా" అని చెయ్యి చాచాడు. నిన్న పొద్దున అయితే ఇచ్చేవాణ్ణి.

అక్కర్లేదన్నాను. కుండను నా పక్కన, తడి మెట్టు మీద పెట్టి, రెండు చేతులతో లేసులు విప్పుకున్నాను.